పల్నాటి రోగుల వైద్యప్రయాణాలు: పిడుగురాళ్ల కేంద్రంగా ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

తక్కువ ఖర్చుతో వైద్యం పొందడానికి సొంత ప్రాంతం విడిచి వెళ్లడాన్ని నేడు 'వైద్యపర్యాటకం' అని వ్యవహరిస్తున్నారు. ఈ మాట వినగానే విమానం ఎక్కి దేశం దాటే రోగి కళ్లముందు మెదులుతాడు. కానీ పల్నాటి ప్రజలు ఒకటిన్నర శతాబ్దికి పైగా ఇటువంటి ప్రయాణాలు చేస్తూనే ఉన్నారు. గుంటూరు, రాయవేలూరు, మదనపల్లె, మద్రాసు, హైదరాబాదు వారి మజిలీలు. ఈ వ్యాసం పిడుగురాళ్లను కేంద్రంగా తీసుకొని ఆ ప్రయాణాల చరిత్రను కాలక్రమంలో పరిశీలిస్తుంది. దూరప్రాంతపు వైద్యం చవక కావడానికి ఎవరు మూల్యం చెల్లించారు, ఆ చవక వైద్యానికి ఎవరు అర్హులయ్యారు, ప్రయాణభారం ఎవరిపై మిగిలింది అన్న మూడు ప్రశ్నలు ఈ పరిశీలనకు ఆధారం. 1953లోనూ 2014లోనూ రాష్ట్రసరిహద్దులు మారినప్పుడు పల్నాటి రోగి ఊరు కదలకుండానే పరరాష్ట్రపు రోగి అయ్యాడని, ఆ మార్పు పర్యవసానం 2021లో స్పష్టంగా బయటపడిందని ఈ వ్యాసం నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

కీలకపదాలు: పల్నాడు, పిడుగురాళ్ల, వైద్యప్రయాణం, మిషన్ ఆసుపత్రులు, రాయవేలూరు, ఆరోగ్యవరం, ఆరోగ్యశ్రీ, రాష్ట్రసరిహద్దులు.

1. ఉపోద్ఘాతం

'పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదు' అని తెలుగువారి సామెత. దగ్గర ఉన్నదాని విలువ తెలుసుకోక దూరపు వస్తువు కోసం పరుగెత్తే స్వభావాన్ని ఈ సామెత ఎత్తిపొడుస్తుంది. వైద్యం కోసం ఊళ్లు తిరిగేవారి గురించి చర్చ వచ్చినప్పుడల్లా దీన్ని ఉదాహరించడం పరిపాటి. అయితే పల్నాటి విషయంలో ఈ సామెతను అన్వయించే ముందు ఒక సంగతి విచారించాలి. పెరట్లో చెట్టు ఉండి దాన్ని కాదనుకున్నారా? అసలు చెట్టే లేక బయలుదేరారా? ఈ విచారణకు చరిత్రే ఆధారం కావాలి.

పిడుగురాళ్ల సున్నపురాయికి, సున్నపుబట్టీలకు పేరుపొందిన పట్టణం. రైలుమార్గంలో గుంటూరు–మాచర్ల దారిపైన, రోడ్డుమార్గంలో అద్దంకి–నార్కెట్‌పల్లి రహదారిపైన ఉంది. గుంటూరు ఇక్కడికి సుమారు 70 కిలోమీటర్లు, హైదరాబాదు సుమారు 200 కిలోమీటర్లు. చెన్నై 400 కిలోమీటర్లకు పైమాట. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట ముఖ్యపట్టణంగా పల్నాడు జిల్లా ఏర్పడేవరకూ ఈ ప్రాంతం గుంటూరు జిల్లాలో భాగంగా ఉండేది. ఉత్తరాన కృష్ణానది. నది అవతలి ఒడ్డు 1948 వరకు నిజాం రాజ్యం, 1956 నుంచి ఒకే రాష్ట్రంలోని మరో జిల్లా, 2014 నుంచి వేరే రాష్ట్రం. ఈ భౌగోళికస్థితిని దృష్టిలో ఉంచుకోకపోతే పల్నాటి వైద్యప్రయాణాల చరిత్ర అర్థం కాదు.

పల్నాటి నేల ఎక్కువగా మెట్ట. శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువులు ఇక్కడి రాతినేలనూ జొన్నకూటినీ లోకప్రసిద్ధం చేశాయి. నాగార్జునసాగర్ కుడికాలువ వచ్చాక కొంత భాగానికి నీరందినా, ప్రత్తి, మిర్చి వంటి పైర్లపై ఆధారపడిన రైతుకు చేతిలో డబ్బు ఆడేది పంట అమ్ముడైన నెలల్లోనే. రోగం మాత్రం పంటకాలం చూసుకొని రాదు. ఈ పొంతనలేనితనమే వైద్యాన్ని అప్పుతో ముడిపెట్టింది. 'ఎక్కడ చవక?' అన్న ప్రశ్న ఇక్కడ పుట్టిందే.

2. వైద్యుడే నడిచివచ్చిన కాలం

పల్నాటి ఆధునికవైద్య చరిత్రలో మొదటి ప్రయాణం రోగిది కాదు, వైద్యం తెలిసిన ఒక విదేశీయునిది. అమెరికన్ లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1842లో గుంటూరు చేరాడు. నాటి గుంటూరు కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆయనకు అండగా నిలిచాడు. హయ్యర్ మధ్యలో స్వదేశానికి వెళ్లి, బాల్టిమోర్‌లో వైద్యం చదువుకొని మళ్లీ వచ్చాడు. 1849లో పల్నాటి నడిబొడ్డున ఉన్న గురజాలకు మకాం మార్చాడు. మతప్రచారం ఆయన ముఖ్యోద్దేశం. అయినా అప్పటికే యాభై దాటిన వయసులో వైద్యవిద్య అభ్యసించి రావడం, ఈ నేలపై బతకడానికి ఏ విద్య అవసరమో ఆయన మొదటి రాకలోనే గ్రహించాడని తెలుపుతుంది.

ఇక్కడ గమనించవలసింది ప్రయాణపు దిశ. అట్లాంటిక్ దాటి వచ్చిన వ్యక్తి గురజాలలో ఉన్నాడు. రోగి తన పల్లె నుంచి నడిచో, బండి కట్టించుకొనో వెళ్లగలిగే దూరంలో ఉన్నాడు. ప్రయాణవ్యయాన్ని రోగికి బదులు మిషను భరించింది. ఆ మిషను వెనుక అమెరికాలోని లూథరన్ సంఘాల చందాలు ఉన్నాయి. 'చవక' అనిపించిన ప్రతి వైద్యం వెనుకా మరెవరో చెల్లించిన సొమ్ము ఉంటుందన్న సత్యం పల్నాటి చరిత్రలో ఆరంభంలోనే కనిపిస్తుంది.

3. గుంటూరు: కుగ్లర్ ఆసుపత్రి నుంచి పెద్దాసుపత్రి వరకు

రోగి ప్రయాణం గుంటూరుతో మొదలైంది. పెన్సిల్వేనియా మహిళావైద్యకళాశాలలో 1879లో పట్టా పొందిన అన్నా సారా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చింది. అప్పటికి మిషను ఆమెను వైద్యురాలిగా పంపలేదు. బోధన, గృహసందర్శన బాధ్యతలతోనే వచ్చినా, రోగగ్రస్తులైన స్త్రీలు ఆమెను వెతుక్కుంటూ రావడంతో వైద్యమే ఆమె వృత్తి అయింది. డిస్పెన్సరీగా ఆరంభమైన సేవ 1898లో పూర్తిస్థాయి ఆసుపత్రిగా రూపొందింది. అదే నేటికీ గుంటూరులో 'కుగ్లర్ ఆసుపత్రి'గా వ్యవహరింపబడుతున్నది.

పరాయి పురుషుని చేత నాడి చూపించుకోవడానికి కుటుంబాలు సమ్మతించని కాలంలో స్త్రీకి వైద్యం దొరకాలంటే వైద్యురాలు కావాలి. వైద్యురాలు గుంటూరులో ఉంది. కాబట్టి పల్లెస్త్రీకి గుంటూరు ప్రయాణం తప్పనిసరి. ఒక స్త్రీ ఆసుపత్రికి వెళ్లడమంటే ఆమె ఒక్కతే వెళ్లడం కాదు. తోడుగా తల్లో అత్తో, వంట చేసి పెట్టడానికి మరొకరు, బండి తోలే మగవాడు వెళ్లాలి. ఇంట్లో ఒకరికి జబ్బు చేస్తే ముగ్గురి పని ఆగిపోతుంది. ఈ లెక్క నాటికీ నేటికీ మారలేదు.

1946లో గుంటూరు వైద్యకళాశాల ప్రారంభమైంది. దానికి అనుబంధమైన ప్రభుత్వ ఆసుపత్రి జిల్లాప్రజల నోట 'పెద్దాసుపత్రి' అయింది. భాషాపరంగా ఈ పేర్లు విలువైన ఆధారాలు. అంతకుముందు ప్రభుత్వం ఉచితంగా నడిపే వైద్యశాలను 'ధర్మాసుపత్రి' అనేవారు. 'ధర్మసత్రం', 'ధర్మకర్త' వంటి మాటల సరసన చేరిన ఈ పదం ఉచితవైద్యాన్ని దాతృత్వంగా భావించిన కాలానికి చెందింది. 'పెద్దాసుపత్రి'లో ధర్మభావన లేదు, పరిమాణం ఉంది. అది ప్రభుత్వం దయతో పెట్టినది కాక, జిల్లాకు హక్కుగా ఉన్నది. పేరులోని ఈ మార్పు స్వాతంత్ర్యానంతర పౌరభావనకు అద్దం పడుతుంది.

4. రాయవేలూరు, ఆరోగ్యవరం

గుంటూరులో నయం కాని రోగానికి తరువాతి మజిలీ రాయవేలూరు. తమిళనాట ఉన్న వేలూరును తెలుగువారు రాయవేలూరు అనే పిలుస్తారు. విజయనగర రాయల స్మృతిని మోసే ఈ పేరుతో ఆ ఊరు తెలుగువారి నోట పరాయిది కాకుండా నిలిచింది. 1900లో అక్కడ వైద్యసేవ ఆరంభించిన ఐడా స్కడర్ 1902లో షెల్ ఆసుపత్రిని, 1918లో స్త్రీల కోసం వైద్యపాఠశాలను స్థాపించింది. ఆ పాఠశాలే క్రమంగా క్రిస్టియన్ మెడికల్ కళాశాల అయింది. దేశంలో తొలి విజయవంతమైన మూత్రపిండమార్పిడి 1971లో అక్కడే జరిగింది. కలిగినవారి నుంచి తీసుకున్న రుసుముతో లేనివారికి రాయితీ ఇచ్చే పద్ధతి ఆ సంస్థకు ఆయువుపట్టు. 'రాయవేలూరు తీసుకెళ్లారు' అన్న మాటకు తెలుగు పల్లెల్లో ఒక విశేషార్థం స్థిరపడింది: జబ్బు పెద్దది, ఇంటివారు ఆశ వదులుకోలేదు, ఎంత దూరమైనా వెనుకాడలేదు అని.

క్షయరోగికి మాత్రం గమ్యం వేరు. మదనపల్లె సమీపాన వివిధ మిషన్లు కలిసి నెలకొల్పిన క్షయ శానిటోరియం 1915 నుంచి ఆరోగ్యవరంలో నడిచింది. డెన్మార్కు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్-మొల్లర్ దాన్ని తీర్చిదిద్దాడు. క్షయకు మందు లేని కాలంలో పొడిగాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారమే చికిత్స. అవి దొరకాలంటే ఇల్లు విడవాలి. నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరాల తరబడి రోగి మంచంపై గడపాలి. వైద్యరుసుము ఎంత తక్కువైనా, సంపాదించే మనిషి అంతకాలం ఇంటికి దూరమైతే కుటుంబం నిలబడదు. అందువల్ల శానిటోరియం వైద్యం కలిగినవారికే అందింది. కూలిచేసే క్షయరోగికి అది ఊరి పేరులో ఉన్న వరమే తప్ప చేతికి అందిన వరం కాలేదు.

5. ప్రయాణం అక్కరలేదని తేల్చిన పరిశోధన

వైద్యప్రయాణాల చరిత్రలో అత్యంత ప్రధానమైన మలుపు 1950లలో మద్రాసులో జరిగింది. స్ట్రెప్టోమైసిన్, పాస్, ఐసోనియాజిడ్ వంటి మందులు అందుబాటులోకి వచ్చాక ఒక మౌలికమైన ప్రశ్న తలెత్తింది. మందు ఉన్నప్పుడు శానిటోరియం ఇంకా అవసరమా? దీన్ని తేల్చడానికి భారత వైద్యపరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్యసంస్థ, బ్రిటిష్ వైద్యపరిశోధన మండలి కలిసి 1956లో మద్రాసులో క్షయ రసాయనచికిత్సా కేంద్రాన్ని నెలకొల్పాయి. వాలెస్ ఫాక్స్ నాయకత్వంలో 193 మంది రోగులతో అధ్యయనం సాగింది. కొందరిని శానిటోరియంలోనూ, కొందరిని వారి ఇళ్లలోనే ఉంచి, అవే మందులు ఏడాదిపాటు ఇచ్చారు. ఇంట్లో ఉన్నవారు ఇరుకైన ఇళ్లలో నివసించే పేదలు. వారి తిండి శానిటోరియం తిండికి సాటిరాదు. విశ్రాంతీ తక్కువే.

1959లో వెలువడిన ఫలితాలు అంతవరకూ ఉన్న విశ్వాసాలను తలకిందులు చేశాయి. ఇంటి చికిత్స శానిటోరియం చికిత్సకు దాదాపు సమానంగా ఫలించింది. ఇంట్లోని ఇతరులకు రోగం అంటుకునే ప్రమాదమూ అందువల్ల పెరగలేదని తరువాతి పరిశీలనలు తెలిపాయి. ప్రపంచమంతటా క్షయచికిత్స ఇంటిబాట పట్టడానికి ఈ అధ్యయనం దారి తీసింది.

ఈ ఫలితాన్ని వైద్యశాస్త్రచరిత్రకారులు మందుల విజయంగా వివరిస్తారు. వైద్యప్రయాణాల దృష్టితో చూస్తే దీనిలో మరో అర్థం ఉంది. రోగిని చవక వైద్యం దగ్గరకు పంపే మార్గాలు ఎన్ని ఉన్నా, వైద్యాన్ని రోగి ఇంటికి చేర్చడంతో సాటిరావు. శానిటోరియం రుసుమును సగం చేసినా కూలివాని ఇల్లు నిలిచేది కాదు. ప్రయాణాన్నే రద్దు చేసిన మందు ఆ ఇంటిని నిలిపింది. మంగళగిరిలో ఒకప్పటి క్షయ శానిటోరియం స్థలంలోనే నేడు అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థ నిర్మాణమై, 2019 నుంచి రోగులను చూస్తుండటం ఈ పరిణామానికి ఒక గుర్తు.

6. మారిన 'పట్నం'

కోస్తావారి పాత వాడుకలో 'పట్నం' అంటే చెన్నపట్నం. తెలంగాణ పల్లెల్లో అదే మాటకు అర్థం హైదరాబాదు. 1953 వరకు పల్నాడు మద్రాసు రాష్ట్రంలో భాగం కాబట్టి మద్రాసు జనరల్ ఆసుపత్రి పల్నాటి రోగికి తన రాజధానిలోని ఆసుపత్రే. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. ఆ రోజు నుంచి మద్రాసు పరరాష్ట్రమైంది. మద్రాసు కోసం జరిగిన వాదోపవాదాలలో రేవు, వాణిజ్యం, విశ్వవిద్యాలయం వంటివి చర్చకు వచ్చాయి. ఆసుపత్రి చేజారడం మాత్రం ఉద్యమచరిత్రలలో ప్రధానాంశంగా కనిపించదు. రోగులు మాత్రం అలవాటైన దారిని వదలలేదు. తమిళనాడు ఆసుపత్రులకు తెలుగు రోగుల రాకపోకలు నేటికీ సాగుతూనే ఉన్నాయి.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడటంతో హైదరాబాదు కొత్త రాజధాని అయింది. ఉస్మానియా, గాంధీ వంటి ఆసుపత్రులు పల్నాటివారికీ సొంతమయ్యాయి. అయినా వాటిని చేరుకునే దారి సులువు కాలేదు. స్వాతంత్ర్యానికి ముందే పడిన గుంటూరు–మాచర్ల మీటరుగేజి రైలు రోగిని గుంటూరుకే తీసుకెళ్లేది. 1980ల చివరికి బీబీనగర్–నడికుడి మార్గం పూర్తయ్యాక పిడుగురాళ్ల హైదరాబాదు–గుంటూరు ప్రధానమార్గంపైకి వచ్చింది. రైలుపట్టా దిశ మారగానే రోగి దిశ కూడా మారింది. నారాయణాద్రి ఎక్కితే ఒక కొసన హైదరాబాదు, మరో కొసన తిరుపతి. తిరుపతి నుంచి రాయవేలూరు ఎంతో దూరం లేదు. ఒకే బండి రెండు వైద్యగమ్యాలకు దారి అయింది.

అదే దశాబ్దంలో వైద్యం కోసం సముద్రాలు దాటడం పాలకుల స్థాయిలో వార్త అయింది. ముఖ్యమంత్రి నందమూరి తారక రామారావు 1984లో గుండె శస్త్రచికిత్సకు అమెరికా వెళ్లారు. ఆయన తిరిగివచ్చిన కొద్దికాలానికే, ఆగస్టు 16న ప్రభుత్వం బర్తరఫ్ అయింది. అదే ఏడాది తమిళనాడు ముఖ్యమంత్రి ఎం.జి. రామచంద్రన్‌ను చికిత్స కోసం న్యూయార్క్ తరలించారు. రెండు ఇరుగుపొరుగు రాష్ట్రాల అధినేతలకే స్వదేశంలో కోరిన చికిత్స కరువైన స్థితి అది. చిత్తూరు జిల్లా అరగొండకు చెందిన డాక్టరు ప్రతాప్ సి. రెడ్డి 1983లో మద్రాసులో అపోలో ఆసుపత్రిని ప్రారంభించడానికి కారణంగా, అమెరికా వెళ్లే స్తోమత లేక మరణించిన ఒక హృద్రోగి ఉదంతాన్ని పలుమార్లు చెప్పారు. హైదరాబాదులో నిజామ్స్ ఆర్థోపెడిక్ ఆసుపత్రి 1980లలోనే నిమ్స్‌గా విస్తరించింది. 1987లో ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థ వచ్చింది.

విదేశప్రయాణం అవసరం లేకుండా చేయాలన్న సంకల్పంతో మొదలైన ఈ ఆధునిక ఆసుపత్రులు రెండు దశాబ్దాలలో విదేశీరోగుల గమ్యాలయ్యాయి. 2002 జాతీయ ఆరోగ్యవిధానం విదేశీరోగులకు చేసే వైద్యాన్ని ఎగుమతితో సమానంగా పరిగణించి ప్రోత్సహించాలని చెప్పింది. విమానంలో వచ్చే విదేశీరోగికి హైదరాబాదు చవక. అదే వార్డుకు రైలులో వచ్చిన పిడుగురాళ్ల రోగికి అది ఎకరం పొలం ఖరీదు. చవక అన్నది వైద్యానికి ఉన్న గుణం కాదనీ, వచ్చినవాని జేబును బట్టి ఏర్పడే సంబంధమనీ ఈ పోలిక తెలుపుతుంది.

7. ఆరోగ్యశ్రీ: రాష్ట్రమే మూల్యం చెల్లించిన దశ

ఈ స్థితిలో 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో రాజీవ్ ఆరోగ్యశ్రీ ప్రయోగాత్మకంగా మొదలై, 2008 జూలై నాటికి రాష్ట్రమంతటికీ విస్తరించింది. దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబానికి ఏడాదికి రెండు లక్షల రూపాయల వరకు పెద్ద చికిత్సలను ప్రభుత్వఖర్చుతో, ప్రైవేటు ఆసుపత్రులతో సహా చేయించుకునే వీలు కలిగింది. గురజాలలో హయ్యర్‌కూ, గుంటూరులో కుగ్లర్‌కూ అమెరికన్ చందాలు చేసిన పనిని ఇప్పుడు రాష్ట్రఖజానా చేసింది. తెల్లరేషన్ కార్డు వైద్యప్రయాణానికి అనుమతిపత్రమైంది.

పథకం శస్త్రచికిత్స మూల్యాన్ని రోగి నెత్తిన నుంచి దించింది. ఎన్నో ప్రాణాలు నిలిపింది. ఆ మేలు కాదనలేనిది. అదే సమయంలో అది ప్రయాణాన్ని తగ్గించలేదు. గుర్తింపు పొందిన పెద్ద ఆసుపత్రులు నగరాల్లోనే ఉండటం వల్ల రోగి నగరానికే వెళ్లాలి. జాతీయ నమూనా సర్వే ఆసుపత్రిచేరికకు సంబంధించి వైద్యవ్యయాన్ని ఒక పద్దుగా, ప్రయాణం, తోడువచ్చినవారి తిండి, బస వంటి వైద్యేతరవ్యయాన్ని మరో పద్దుగా నమోదు చేస్తుంది. మొదటి పద్దును పథకం చాలావరకు భరించింది. రెండవ పద్దు ప్రధానంగా కుటుంబానికే మిగిలింది.

2019 డిసెంబరు 2న గుంటూరు పెద్దాసుపత్రిలో ప్రారంభమైన 'వైయస్సార్ ఆరోగ్య ఆసరా' ఈ లోపాన్ని కొంత గుర్తించింది. శస్త్రచికిత్స అనంతరం విశ్రాంతికాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 రూపాయలకు మించకుండా రోగికి చెల్లించే ఏర్పాటు అది. పోయిన కూలిని కూడా వైద్యవ్యయంగా రాష్ట్రం లెక్కించడం చారిత్రకంగా గమనింపదగినది. అయితే లెక్కించింది రోగి కూలినే. మంచం పక్కన కూర్చున్న భార్య కూలీ, సెలవు పెట్టి వచ్చిన కొడుకు కూలీ లెక్కలోకి రాలేదు.

8. ఊరు కదలకుండానే పరరాష్ట్రం: 2014, 2021

2014 జూన్ 2న రాష్ట్రవిభజన జరిగింది. హైదరాబాదు పదేళ్లపాటు ఉమ్మడి రాజధానిగా ఉంటుందని పునర్వ్యవస్థీకరణ చట్టం పేర్కొన్నా, అక్కడి ఆసుపత్రులు ఆచరణలో తెలంగాణ సంస్థలయ్యాయి. 1953లో మద్రాసును కోల్పోయినట్లే, అరవయ్యేళ్ల తరువాత పల్నాటి రోగి హైదరాబాదును కోల్పోయాడు. ఈ లోటును పూడ్చడానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరు 1 నుంచి హైదరాబాదు, బెంగళూరు, చెన్నై నగరాల్లోని ఎంపికచేసిన ఆసుపత్రులకు ఆరోగ్యశ్రీని విస్తరించింది. తన పౌరుల కోసం పరరాష్ట్రంలో వైద్యాన్ని రాష్ట్రమే కొనుగోలు చేసిన ఘట్టమిది.

కొనుగోలు చేసిన వైద్యాన్ని అందుకోవడానికి సరిహద్దు తెరిచి ఉండాలి. 2021 మే నెలలో, కోవిడ్ రెండవ ఉద్ధృతి వేళ, ఆంధ్రప్రదేశ్ నుంచి హైదరాబాదు వెళ్తున్న అంబులెన్సులను తెలంగాణ పోలీసులు సరిహద్దుల్లో నిలిపివేశారు. మే 11న వెలువడిన ఉత్తర్వులు ఇతరరాష్ట్రాల కోవిడ్ రోగులు ముందుగా అనుమతి పొంది రావాలని నిర్దేశించాయి. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వులపై స్టే ఇచ్చింది. తెలంగాణ ఆసుపత్రులపై నాడు పడిన ఒత్తిడి నిజమే. తన ప్రజలకు పడకలు దక్కాలని ఒక రాష్ట్రం ఆరాటపడటమూ అర్థం చేసుకోదగినదే. కానీ ఏడేళ్ల కిందటి వరకు ఎవరి అనుమతీ అడగకుండా వెళ్లిన దారిలో ఊపిరాడని రోగి ఆగవలసి రావడం వైద్యప్రయాణపు అసలు స్వభావాన్ని బయటపెట్టింది.

పిడుగురాళ్ల నుంచి హైదరాబాదు రోడ్డు పొందుగుల దగ్గర కృష్ణ దాటి వాడపల్లిలో ప్రవేశిస్తుంది. ఆ వంతెన పొడవు మారలేదు. నదీ మారలేదు. మారింది అర్హత. దూరప్రాంతపు వైద్యం చవకగా దొరికేది ఎవరో ఒకరు మూల్యం చెల్లించి, 'ఇతడు మనవాడు' అని అంగీకరించినంతకాలమే. ఆ అంగీకారం మతసంఘం నుంచి రావచ్చు, జిల్లా నుంచి రావచ్చు, రాష్ట్రం నుంచి రావచ్చు. దాన్ని ఇచ్చే అధికారం రోగి చేతిలో ఎన్నడూ లేదు.

9. పెరటిచెట్టు మాట

ఇన్ని ప్రయాణాల మధ్య దగ్గరలో వైద్యం పెరగలేదని కాదు. గుంటూరు పెద్దాసుపత్రిలో 2015లో స్వచ్ఛందసంస్థ సహకారంతో గుండె శస్త్రచికిత్సలు మొదలై, 2016లో గుండెమార్పిడి కూడా జరిగింది. ఆ కళాశాలలో చదివి ఉత్తర అమెరికాలో స్థిరపడిన పూర్వవిద్యార్థుల సంఘం అక్కడ మాతాశిశు విభాగ నిర్మాణానికి విరాళాలు సమకూర్చింది. 1883లో పెన్సిల్వేనియా నుంచి గుంటూరుకు ఒక వైద్యురాలు వస్తే, 1965 నాటి అమెరికా వలసచట్టం తరువాత గుంటూరు వైద్యులు అమెరికాకు వలసవెళ్లారు. ఇప్పుడు వారి విరాళాలు వెనక్కి వచ్చాయి. రోగులు దక్షిణానికీ ఉత్తరానికీ తిరుగుతున్న కాలంలోనే వారికి వైద్యం చేయవలసినవారు పడమటికి వెళ్లారన్నది ఈ చరిత్రలోని మరో పార్శ్వం. ఇది ఆ వైద్యులపై నింద కాదు. వైద్యుని తయారుచేసే చోటు ఒకటి, నిలుపుకునే చోటు మరొకటి కావడం వ్యవస్థాగతమైన విషయం.

ఈ నేపథ్యంలో పిడుగురాళ్లకు మంజూరైన ప్రభుత్వ వైద్యకళాశాలకు ప్రాధాన్యం ఉంది. కేంద్రప్రాయోజిత పథకం కింద ఆమోదం పొందిన ఈ కళాశాలకు, మరి పదమూడింటితో పాటు 2021 మే 31న శంకుస్థాపన జరిగింది. సరిహద్దులో అంబులెన్సులు ఆగిన నెల కూడా అదే కావడం గమనార్హం. భవనాలు లేచినంత మాత్రాన పెరటిచెట్టు మందు కాదు. అధ్యాపకులు, నర్సులు, నిరంతరాయంగా మందుల సరఫరా ఉన్నప్పుడే అది వైద్యానికి పనికివస్తుంది. సున్నపుబట్టీ కూలి ఉదయం చూపించుకొని మధ్యాహ్నానికి పనిలోకి వెళ్లగలిగిన రోజున, ఆ కళాశాల అతనికి మిగిల్చిన సొమ్ము ఏ పథకపు ప్యాకేజీలోనూ కనిపించదు. అతని ఇంటిలెక్కలో మాత్రం కనిపిస్తుంది.

10. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

• పల్నాటి వైద్యప్రయాణాలకు మూలకారణం దూరపు వైద్యంపై మోజు కాదు. సమీపంలో లేని వైద్యం, మరొకరు మూల్యం చెల్లించే చోట లభించడం. 'పెరటిచెట్టు' సామెత ఈ చరిత్రకు నేరుగా వర్తించదు.

• చవక వైద్యపు మూల్యాన్ని వరుసగా మిషన్ల దాతలు, ప్రభుత్వం, కలిగిన రోగులు, ఆరోగ్యశ్రీ వంటి పథకాలు చెల్లించాయి. చెల్లించేవారు మారినా ప్రయాణం, బస, తోడువెళ్లినవారి కూలి అన్న భారం ప్రధానంగా కుటుంబంపైనే ఉండిపోయింది.

• 'ధర్మాసుపత్రి', 'పెద్దాసుపత్రి', 'రాయవేలూరు', 'పట్నం' వంటి పదాలు వైద్యానికీ ప్రజలకూ మధ్య మారుతూ వచ్చిన సంబంధాన్ని నమోదు చేశాయి. వైద్యచరిత్రకు ఈ వాడుకమాటలు లిఖితపత్రాలతో సమానమైన ఆధారాలు.

• 1953, 2014 సంవత్సరాల సరిహద్దు మార్పులు రాజకీయచరిత్రలో విస్తృతంగా చర్చకు వచ్చినా, రోగి అర్హతపై వాటి ప్రభావం తగినంతగా పరిశోధింపబడలేదు. 2021 మే నాటి సంఘటనలు ఈ పరిశోధన అవసరాన్ని తెలుపుతున్నాయి.

• మద్రాసు క్షయ అధ్యయనం (1956–59) నిరూపించిన సూత్రం నేటికీ వర్తిస్తుంది. వైద్యవ్యయాన్ని తగ్గించే మార్గాలలో రోగి ప్రయాణాన్ని తొలగించడం అన్నిటికన్నా బలమైనది.

గురజాలకు 1849లో వైద్యం నడిచివచ్చింది. ఆ తరువాత నూట డెబ్బై ఏళ్లకు పైగా రోగులే నడుస్తున్నారు. ఆసుపత్రుల రికార్డులు, రైల్వే సమయపట్టికలు, కుటుంబాల అప్పుపత్రాలు, మౌఖికకథనాలు ఒకచోట చేర్చి అధ్యయనం చేస్తే ఈ నడక పూర్తి చరిత్ర వెలుగులోకి వస్తుంది. ఆ దిశగా పరిశోధకులు పూనుకోవలసి ఉంది.